పండ్ల కొలతలు: గ్లాసుల్లోంచి గ్రాముల్లోకి, గ్రాముల్లోంచి గ్లాసుల్లోకి

మా అనంతపురంలో పండుకు ఒకే కొలత అంటూ లేదు. చీనీకాయలు, అంటే బత్తాయిలు, మార్కెట్ యార్డులో టన్ను ఇంత అని పలుకుతాయి. అవే కాయలు జ్యూస్ బండి దగ్గరికి వచ్చేసరికి కిలో లెక్క. అరటిపండ్లు డజను, సీతాఫలాలు కుప్ప, బేనిషా మామిడి కొన్నిచోట్ల కిలో, కొన్నిచోట్ల డజను. నేరేడు పండ్లు, రేగిపండ్లు అమ్మే అవ్వ చిన్న గ్లాసుతోనో డబ్బాతోనో కొలిచి పోస్తుంది. ఇన్ని రకాలుగా కొని ఇంటికి తెచ్చాక, వంట వీడియోలో మాత్రం "రెండు కప్పుల మామిడి గుజ్జు తీసుకోండి" అంటారు. రెండు కప్పుల గుజ్జు రావాలంటే ఎన్ని కాయలు కొనాలి? ఇంట్లో ఉన్న ముప్పావు కిలో బొప్పాయి ఎన్ని కప్పులు అవుతుంది? అక్కడ ఆగిపోతాం.

కూరలో ఉప్పు తగ్గితే తర్వాత వేసుకున్నట్టు పండు వంటల్లో సర్దుకోవడం కుదరదు. గుజ్జు ఎక్కువైతే అరటి కేకు నడుమ పచ్చిగా ఉండిపోతుంది, పంచదార తక్కువైతే జామ్ నిలవ ఉండదు, ఉప్పు చాలకపోతే ఊరగాయ బూజు పడుతుంది. అందుకే ఈ లెక్క ఒక్కసారి ఓపిగ్గా నేర్చుకోవాలి. నెట్‌లో దొరికే పట్టికలు తప్పు అనను, కింద నేను కూడా కొన్ని అంకెలు ఇస్తాను. కానీ ఆ పట్టికలు మీ గ్లాసుకు, మీ పండుకు, మీరు తరిగే ముక్కకు రాసినవి కావు. మీ వంటింట్లో మీరే తూచి రాసుకున్న అంకెను మించింది లేదు. ఆ అంకె ఎలా రాబట్టాలో చెప్పడమే ఇక్కడ నా పని.

ముందు మీ గ్లాసు ఎంత పడుతుందో చూడండి

"కప్పు" అని రాసిన ప్రతిచోటా ఒకే కప్పు ఉండదు. అమెరికా వంటకాల్లో కప్పు అంటే సుమారు 237 మి.లీ., అక్కడి ప్యాకెట్ల మీద దాన్ని 240గా లెక్క వేస్తారు. ఆస్ట్రేలియా వంటకాల్లో 250. మన షాపుల్లో దొరికే కొలత కప్పుల సెట్లలో 240వీ ఉన్నాయి, 250వీ ఉన్నాయి. పిడి మీదో అడుగునో రాసి ఉంటుంది, చూసుకోండి. ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు ఇంకా చిన్నది, చాలావాటిలో 180 మి.లీ. లోపే. టేబుల్ స్పూన్ 15 మి.లీ., టీ స్పూన్ 5 మి.లీ. ఆస్ట్రేలియా వాళ్ళ టేబుల్ స్పూన్ మాత్రం 20.

మన ఇళ్ళలో నిజంగా వాడేది స్టీలు గ్లాసు. దాని మీద ఏమీ రాసి ఉండదు. ఖాళీ గ్లాసును వంటింటి త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. అంచు దాకా నీళ్ళు పోయండి. త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే గ్లాసు అన్ని మిల్లీలీటర్లు, ఎందుకంటే ఒక మిల్లీలీటరు నీళ్ళు ఒక గ్రాము తూగుతాయి. 200 వస్తే 200 మి.లీ. గ్లాసు, 170 వస్తే 170. ఆ అంకెను గ్లాసు అడుగున పర్మనెంట్ మార్కర్‌తో రాసేయండి. ఇంట్లో వంటకు వాడే ప్రతి గ్లాసుకూ, గిన్నెకూ, పప్పు గరిటెకూ ఇలాగే చేయాలి. అరగంట పని, కానీ ఇక ఎప్పటికీ మళ్ళీ చేయక్కర్లేదు.

పడి, శేరు, పావు అని అవ్వలు వాడిన కొలపాత్రలు ఇంట్లో ఉంటే వాటినీ నీళ్ళతోనే కొలవండి. పాత కొలతలు ఊరూరికీ మారేవి కాబట్టి పుస్తకంలో అంకె చూసి నమ్మొద్దు. కోస్తా వైపు నుంచి వచ్చిన వంటకాల్లో గిద్ద, సోల, తవ్వ, మానిక అని ఉంటుంది. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. పాత నోట్‌బుక్కుల్లో "వీశె మామిడికాయలు" అని కనిపిస్తే అది బరువు, సుమారు 1.4 కిలో.

త్రాసు గురించి రెండు మాటలు

గ్రాము గ్రాము చూపించి, 5 కిలోల దాకా మోసే డిజిటల్ త్రాసు చాలు. బండమీద సమంగా ఉన్నచోట పెట్టాలి. గుడ్డ మీద, పేపర్ల మీద పెడితే అంకె ఊగుతుంది. గిన్నె పెట్టి సున్నా చేసే బటన్ ఒకటి ఉంటుంది, దాన్ని బాగా అలవాటు చేసుకోండి. సరిగ్గా పనిచేస్తోందో లేదో అనుమానం వస్తే అర లీటరు పాల ప్యాకెట్ పెట్టి చూడండి. పాలు నీళ్ళకన్నా కాస్త బరువు కాబట్టి, కవరుతో కలిపి 515, 520 గ్రాముల చుట్టుపక్కల చూపించాలి. 480 చూపిస్తే బ్యాటరీ మార్చండి, అప్పటికీ మారకపోతే త్రాసే మార్చండి.

కొన్న బరువు వేరు, వలిచిన బరువు వేరు

వంటకంలో "అర కిలో మామిడి" అని ఉంటే అది తొక్కతోనా, తీసేశాకనా? మంచి వంటకాలు ఈ ముక్క రాస్తాయి. రాయకపోతే ఒక పద్ధతి పెట్టుకోండి: కప్పుల్లో చెప్పినదంతా వలిచిన పండే. కిలోల్లో చెప్పినది జామ్, హల్వా, ఊరగాయ లాంటివాటిలో సాధారణంగా శుభ్రం చేశాక తూచినదే. షాపింగ్ లిస్టులో రాసినది మాత్రం కొన్న బరువు.

తొక్క, గింజ, టెంక పోగా ఎంత మిగులుతుందో ఉజ్జాయింపుగా చెబుతాను. మామిడిపండులో వందకు 70 వంతులు. బేనిషా అయితే టెంక పలచన కాబట్టి ఇంకొంచెం ఎక్కువే వస్తుంది. బేనిషా అంటే బనగానపల్లె మామిడే. నార ఎక్కువగా ఉండే రసాల రకాలను జల్లెడ పడితే 70 కూడా రాదు, 55, 60 దగ్గర ఆగుతుంది. అరటిలో 64, బొప్పాయిలో 62, సపోటాలో 80, సీతాఫలంలో 55 లోపు, దానిమ్మలో 55 నుంచి 60. కలింగర (పుచ్చకాయ), కర్బూజ, అనాస ఈ మూడింటిలోనూ సగమే. చీనీ నుంచి రసం మాత్రమే తీసుకుంటాం కాబట్టి కిలోకు 400 మి.లీ. అటూఇటూ అనుకోండి, తోలు మందంగా ఉన్న కాయలు ఇంకా తక్కువ ఇస్తాయి. చేతిలోకి తీసుకుంటే సైజుకు మించి బరువనిపించే చీనీకాయలో రసం ఎక్కువ. బండి దగ్గర నిలబడ్డప్పుడు ఆ ఒక్క పరీక్ష చేయండి.

ఈ అంకెలు సీజన్‌తో, రకంతో మారతాయి. మీరు ఎక్కువగా కొనే రెండు మూడు పండ్లకు మాత్రం సొంత అంకె ఉండాలి. కొన్నప్పుడు ఒకసారి తూచండి, వలిచాక ఒకసారి తూచండి, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. కిలో బేనిషా నుంచి 730 గ్రాముల కండ వస్తే మీ అంకె 0.73. కొనాల్సిన బరువు తెలియాలంటే కావాల్సిన కండను 0.73తో భాగిస్తే సరి.

ముక్కా, గుజ్జా? అసలు తేడా ఇక్కడే

ఒక పని చేసి చూడండి. గింజ లేని ద్రాక్షతో గ్లాసు నింపండి, తలగొట్టినట్టు సమంగా. ఇప్పుడు ఆ గ్లాసులోకే మెల్లగా నీళ్ళు పోయండి. నిండిపోయిందనుకున్న గ్లాసు ఇంకా నీళ్ళు తాగుతూనే ఉంటుంది. 240 మి.లీ. కప్పు అయితే దాదాపు 90, 100 మి.లీ. నీళ్ళు పడతాయి. అంటే కప్పు ద్రాక్షలో వందకు సుమారు 40 వంతులు గాలే. కప్పు కొలిచేది చోటును. ఆ చోటులో పండెంత, సందెంత అనేది ముక్క సైజును బట్టి, ముక్క ఆకారాన్ని బట్టి మారిపోతుంది.

అందుకే ఒకే పండు ఒకే కప్పులో రెండు రకాల బరువు తూగుతుంది. అరటిపండును చక్రాలుగా తరిగి నింపితే 150 గ్రాములు. మెదిపి నింపితే 225 గ్రాములు. అదే కప్పు, అదే పండు, ఒకటిన్నర రెట్లు! బొప్పాయి అంగుళం ముక్కలైతే 145, గుజ్జు అయితే 230. కేకుకు "ఒక కప్పు అరటిపండు" అని మాత్రమే రాసి ఉంటే మెదిపాక కప్పు కొలవాలా, తరిగి కప్పు కొలిచి తర్వాత మెదపాలా అన్నది తేల్చుకోకుండా ముందుకు పోవద్దు. మాటల వరస చూడండి: "ఒక కప్పు మెదిపిన అరటిపండు" అంటే ముందు మెదపడం, తర్వాత కొలవడం. "ఒక కప్పు అరటి ముక్కలు, మెదిపినవి" అంటే ముందు ముక్కలు కొలవడం.

పట్టికలన్నీ మర్చిపోయినా గుర్తుండాల్సిన ఒక సూత్రం ఉంది. గుజ్జు, రసం అయితే మిల్లీలీటర్లు ఎన్నో గ్రాములూ ఇంచుమించు అన్నే. ముక్కలు, గింజలు, ద్రాక్ష లాంటి చిన్న పండ్లు అయితే మూడింట రెండు వంతులు. యాపిల్ ముక్కలైతే సగం. యాపిల్ ఎందుకు వేరంటే, దాని కండలోనే నాలుగో వంతు దాకా గాలి ఉంటుంది. నీళ్ళలో వేస్తే తేలేది అందుకే.

240 మి.లీ. కప్పు, తలగొట్టి, కుక్కకుండా నింపితే వచ్చే బరువులు ఇవి:

మామిడి ముక్కలు 165 గ్రా.
అనాస ముక్కలు 165 గ్రా.
జామ ముక్కలు 165 గ్రా.
కర్బూజ ముక్కలు 155 నుంచి 160 గ్రా.
కలింగర ముక్కలు 152 గ్రా.
దానిమ్మ గింజలు 174 గ్రా.
ద్రాక్ష 151 గ్రా.
నేరేడు, గింజతో 135 గ్రా.
యాపిల్ ముక్కలు 125 గ్రా.
చీనీ, కమలా తొనలు 180 గ్రా.
సపోటా గుజ్జు 241 గ్రా.
సీతాఫలం గుజ్జు 250 గ్రా.
మామిడి గుజ్జు 250 గ్రా.
చీనీ రసం 248 గ్రా.
ఎండు ద్రాక్ష 145 గ్రా., నొక్కితే 165 గ్రా.
తరిగిన ఖర్జూరం 147 గ్రా.

వీటిని మీ అంకెలతో పోల్చి చూసుకోవడానికి వాడండి. మీకు కప్పు మామిడి ముక్కలు 155 వచ్చాయా, 175 వచ్చాయా? రెండూ సరే, మీ ముక్క సైజు అది. 230 వచ్చిందంటే మాత్రం నొక్కి నింపారు, లేదా పండు బాగా మగ్గి సగం రసమైపోయింది.

నింపే పద్ధతి ప్రతిసారీ ఒక్కటే ఉండాలి. ముక్కలు గరిటెతో వేసి, గ్లాసును బండమీద రెండుసార్లు మెల్లగా తట్టి, పైన గోపురంలా ఉన్నది తీసేయండి. చేత్తో నొక్కొద్దు. దానిమ్మ గింజలు తట్టగానే ఒక వేలు మందం కిందికి దిగుతాయి, మళ్ళీ నింపాలి. మామిడికాయ చిత్రాన్నానికి తురిమిన కోరు దగ్గర ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. అప్పుడే తురిమిన కోరు పొడిపొడిగా లేచి కూర్చుంటుంది, పది నిమిషాలకు నీరు వదిలి కుంగిపోతుంది. పొడికోరు కప్పుకూ, కుంగిన కోరు కప్పుకూ పులుపులో తేడా నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది. కోరును తూచి వేయండి, కప్పుతో వద్దు.

మీ ఇంటి పట్టిక ఇలా రాసుకోండి

నోట్‌బుక్కులో ఒక పేజీ కేటాయించండి. పండు పేరు, ఎలా తరిగారు, గ్లాసు ఎన్ని మి.లీ., ఎన్ని గ్రాములు వచ్చాయి. గ్రాములను మిల్లీలీటర్లతో భాగించి చివర రాయండి. ఉదాహరణకు మీ 200 మి.లీ. గ్లాసులో 146 గ్రాముల దానిమ్మ గింజలు పట్టాయనుకోండి. 146ను 200తో భాగిస్తే 0.73. ఇక దానిమ్మకు ఆ 0.73 ఉంటే చాలు, ఏ గ్లాసైనా, ఏ దేశం కప్పైనా పర్వాలేదు. 240 కప్పుకు 0.73తో గుణిస్తే 175 గ్రాములు, 250 కప్పుకు 182. తిరగేసి, చేతిలో 300 గ్రాముల గింజలు ఉంటే 300ను 0.73తో భాగించండి: 411 మి.లీ., అంటే మీ గ్లాసుతో రెండు గ్లాసుల పైచిలుకు.

ప్రతి పండునూ ఒక్కసారి కాక, వేరువేరు రోజుల్లో కొన్న పండుతో రెండుమూడుసార్లు తూచి మధ్య అంకె వేసుకుంటే మంచిది. పేజీ నిండడానికి ఒక ఏడాది పట్టొచ్చు, ఎందుకంటే సీతాఫలం వానాకాలం చివర గానీ రాదు, మామిడి ఎండాకాలం గానీ రాదు. తొందరేం లేదు.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నలకు వద్దాం. రెండు కప్పుల మామిడి గుజ్జు అంటే 480 మి.లీ., గుజ్జు కాబట్టి సుమారు 500 గ్రాములు. బేనిషా కాయల్ని మిక్సీ పట్టి వాడితే 500ను 0.7తో భాగించండి, 715 గ్రాముల కాయలు చాలు. నారకాయలైతే 0.6తో, 830 గ్రాములు. ఓళిగల్లోకి (బొబ్బట్లలోకి) సీకరణి, అంటే తీపి మామిడి రసం, చేసే రోజు ఇంటికి వచ్చే జనాన్ని చూసి ఈ లెక్క వేసుకుంటే మిగలదు, చాలకపోవడమూ ఉండదు.

ముప్పావు కిలో బొప్పాయి అంటే వలిచాక 0.62 లెక్కన 465 గ్రాములు. ముక్కలుగా అయితే మూడు కప్పుల పైన, గుజ్జుగా అయితే రెండు కప్పులే.

అరటిపండు దగ్గర ఇంకో చిక్కు ఉంది, వంటకాల్లో లెక్క పెట్టి చెబుతారు. "మూడు పండ్లు" అంటే ఎవరి పండ్లు? పులివెందులలోనూ, మా పుట్లూరు, నార్పల వైపూ ఎక్కువగా పండే జీ-9 రకం అరటిపండు ఒలిచాక 110, 120 గ్రాములు తూగుతుంది, బయటి దేశాల వంటకాల్లో ఉండే పండు దాదాపు ఇదే సైజు. ఎలక్కి అనే చిన్న రకం పండు 40, 50 గ్రాములే. కప్పున్నర మెదిపిన అరటి కావాలంటే 340 గ్రాములు: జీ-9 అయితే మూడు, ఎలక్కి అయితే ఏడో ఎనిమిదో.

జామ్: ఇక్కడ కప్పును నమ్మొద్దు

"పండు, పంచదార సమానం" అని చాలామంది చెబుతారు. బరువులో సమానమా, కప్పుల్లో సమానమా? కప్పు మామిడి గుజ్జు 250 గ్రాములు, కప్పు పంచదార 200 గ్రాములు. కప్పుకు కప్పు వేస్తే పంచదార ఐదో వంతు తక్కువ పడినట్టు. రెండు వారాల్లో తినేసే జామ్‌కు అది మంచిదే, తీపి తగ్గుతుంది. ఏడాది పాటు సీసాలో ఉండాలంటే మాత్రం తేడా కొడుతుంది. బెల్లం పొడి సంగతి చెప్పనక్కర్లేదు, పొడి మెత్తదనాన్ని బట్టి కప్పు బరువు చాలా మారుతుంది.

నిలవ ఉండే జామ్‌కు ఆహార ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం, తయారైన జామ్‌లో కరిగి ఉన్న ఘనపదార్థం కనీసం 65 శాతం, పండు కనీసం 45 శాతం ఉండాలని. షాపు జామ్‌కు పెట్టిన నియమమే అయినా ఇంటికీ అదే మంచి గుర్తు. దీన్ని కొలవడానికి ప్రత్యేక పరికరం అక్కర్లేదు, త్రాసుతోనే తెలుసుకోవచ్చు.

ఇలా చేయండి. ఖాళీ గిన్నెను గరిటెతో సహా తూచి రాసుకోండి, 1200 గ్రాములు అనుకుందాం. కిలో మామిడి గుజ్జు, 750 గ్రాముల పంచదార వేశారు. తీపి మామిడి గుజ్జులో ఘనపదార్థం సుమారు 15 శాతం, అంటే 150 గ్రాములు. పంచదారంతా ఘనమే, 750. మొత్తం 900. ఇది 65 శాతం కావాలంటే 900ను 0.65తో భాగించాలి: 1385 గ్రాములు. మొదట 1750 గ్రాములున్న మిశ్రమం ఉడికి ఉడికి 1385కి దిగాలి. గిన్నెతో కలిపి 2585 చూపించగానే స్టవ్ ఆపేయండి. వేడి గిన్నెను త్రాసు మీద నేరుగా పెట్టకండి, గాజు పలక పగులుతుంది. చెక్క పలక పెట్టి, సున్నా చేసి, దాని మీద గిన్నె పెట్టండి. ప్లేటులో చుక్క వేసి జారుతుందా అని చూసే పాత పరీక్ష కూడా చేయండి, రెండూ కలిస్తే ఇక టెన్షన్ ఉండదు.

సీసాలు ఎన్ని కావాలి? జామ్ నీళ్ళకన్నా బాగా బరువు, మిల్లీలీటరుకు సుమారు 1.32 గ్రాములు. 1385 గ్రాములు 1050 మి.లీ. లోపు చోటులో సరిపోతాయి. 500 మి.లీ. సీసాలో 660 గ్రాముల జామ్ పడుతుంది, కాబట్టి రెండు సీసాలు, ఒక చిన్న గిన్నె. అమ్మే ఉద్దేశం ఉన్నవాళ్ళు "500 గ్రా." అని లేబుల్ రాయాలంటే 380 మి.లీ. సీసా చాలని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఊరగాయ: కొలపాత్ర ఒకటే అయితే కప్పు కూడా చాలు

ఊరగాయలు పెట్టే అవ్వలకు త్రాసు లేదు. ఇన్ని గిన్నెల ముక్కలకు ఒక గిన్నె కారం, ముప్పావు గిన్నె ఉప్పు అని పెట్టేవాళ్ళు, ఏడాదంతా చెడేది కాదు. కారణం, ఒకే గిన్నె, ఏటా అదే సైజు ముక్క, అదే కల్లుప్పు. ఏవీ మారనప్పుడు చోటుతో కొలిచినా బరువు తప్పదు. ఆ పద్ధతి మీ ఇంట్లో నడుస్తూ ఉంటే మార్చకండి.

తేడా వచ్చేది ఏదో ఒకటి మారినప్పుడే. కల్లుప్పు బదులు మెత్తటి ప్యాకెట్ ఉప్పు వేస్తే అదే గిన్నెలో ఉప్పు బాగా ఎక్కువ పడుతుంది. 200 మి.లీ. గ్లాసు మెత్తటి ఉప్పు 245 గ్రాముల దాకా తూగుతుంది. కల్లుప్పు రాళ్ళ మధ్య సందులుంటాయి కాబట్టి అంత తూగదు. మార్కెట్‌లో కాయ కొట్టించుకుని ముక్కలు పెద్దవి వచ్చినా అంతే, గిన్నెకు పట్టే ముక్కలు తగ్గి ఉప్పు వాటా పెరుగుతుంది. అందుకే ఈ ఏడాది ఊరగాయ పెట్టేటప్పుడు అవ్వ కొలిచిన ప్రతి గిన్నెనూ పక్కన కూర్చుని తూచి రాసుకోండి. టెంకతో కిలో ముక్కలకు ఉప్పు 150 నుంచి 200 గ్రాముల మధ్య వస్తుంది చాలా ఇళ్ళలో. మీ ఇంటి అంకె ఏదో తెలిస్తే, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న పిల్లలు వేరే గిన్నెతో, వేరే ఉప్పుతో కూడా అదే రుచి తెచ్చుకోగలరు.

ముక్కలు కొట్టి, తుడిచి, ఆరగానే తూచాలి. ఉప్పు కలిపాక తూచినా, కొలిచినా లాభం లేదు, నీరు వదిలేస్తాయి.

త్రాసు లేకపోతే

గీతలున్న కొలత జగ్గు ఒకటి ఉంటే నీళ్ళతో పని జరుగుతుంది. జగ్గులో 500 మి.లీ. దాకా నీళ్ళు పోసి, కడిగిన కాయను మెల్లగా వదలండి. కాయ తేలితే, నీళ్ళు ఎంత పైకి లేచాయో సరిగ్గా అంత దాని బరువు. నీళ్ళు 500 నుంచి 680కి లేస్తే కాయ 180 గ్రాములు. తేలే వస్తువు తన బరువంత నీళ్ళనే పక్కకు నెడుతుంది, ఇది ఆర్కిమెడీస్ సూత్రమే. కాయ మునిగిపోతే, లేచిన నీళ్ళకు ఒక ఐదు శాతం కలపండి. యాపిల్, చీనీ, నిమ్మ, చిన్న మామిడి, అన్నిటికీ పనికొస్తుంది. తరిగిన ముక్కల్ని ఇలా ముంచితే రసం, తీపి నీళ్ళలోకి పోతాయి కాబట్టి, ముంచాక ఆ నీళ్ళను కూడా వాడే వంటకే ఈ పద్ధతి.

జగ్గు కూడా లేకపోతే పైన చెప్పిన సూత్రమే: గుజ్జుకు సమానం, ముక్కలకు మూడింట రెండు, యాపిల్‌కు సగం.

చిన్నచిన్నవి

బయటి దేశాల వంటకాల్లో ఔన్సు అని రెండు రకాలుగా వస్తుంది. పండు, పంచదార పక్కన ఉన్న ఔన్సు బరువు, 28 గ్రాములు. రసం పక్కన ఉన్న ఫ్లూయిడ్ ఔన్సు చోటు, సుమారు 30 మి.లీ. పౌండు 454 గ్రాములు.

మన నాటు నిమ్మకాయ ఒకటి సుమారు ఒక టేబుల్ స్పూన్ రసం ఇస్తుంది. అమెరికా వంటకంలో "ఒక నిమ్మకాయ రసం" అంటే అక్కడి పెద్దకాయ, మన కాయలు రెండు మూడు పిండాలి. "నిమ్మకాయంత చింతపండు" అంటే 25 గ్రాములు అటూఇటూ, గింజా పీచూ తీసినది. మీ చేత్తో ఉండ చేసి ఒకసారి తూచి చూసుకోండి, అమ్మ ఉండకూ మీ ఉండకూ ఎంత తేడా ఉందో తెలుస్తుంది.

టిన్నులో వచ్చే మామిడి గుజ్జు సాధారణంగా 850 గ్రాములది ఉంటుంది, 800 మి.లీ. చుట్టుపక్కల, అంటే 240 కప్పుతో మూడున్నర కప్పులకు కాస్త తక్కువ. దాంట్లో పంచదార కలిపి ఉంటుంది కొన్నిట్లో, లేబుల్ చదివి వంటకంలో ఆ మేరకు తగ్గించుకోండి.

సీజన్‌లో గుజ్జు తీసి ఫ్రీజర్‌లో పెట్టుకునేవాళ్ళు డబ్బాను అంచుదాకా నింపొద్దు, గడ్డకట్టినప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. బరువు మాత్రం మారదు. అందుకని గడ్డకట్టిన గుజ్జును కప్పుతో కొలవకుండా తూచి వాడండి. ముక్కలైతే కరిగేటప్పుడు రసం బయటికి వస్తుంది, ఆ రసంతో కలిపి తూచాలి, పారబోస్తే లెక్క తప్పుతుంది. 250 గ్రాముల చొప్పున చిన్న డబ్బాల్లో పెడితే ఒక్కో డబ్బా ఒక్కో కప్పుకు సరిపోతుంది. మూత మీద పండు రకం, గ్రాములు, తేదీ, పంచదార కలిపి ఉంటే అది ఎన్ని గ్రాములో రాసి పెట్టండి.